రెండు చుక్కల మెలిక

కొబ్బరిచిప్పలో ముగ్గు పోసుకుని దొడ్లోకి వచ్చిన ఉమామహేశ్వరరావుని చూసి, దడి అవతల పాదులకి నీళ్లు పోస్తున్న అప్పాయమ్మగారు చెంబు దించేసింది.

“ఏవండోయ్! మగాళ్లు ముగ్గులేసే రోజులొచ్చేసేయా ఏవిటండీ అమలాపురానికి?”

“మా అమ్మాయి సూర్యకుమారి మోపెడ్డు నేర్చుకుంటానంటోందండీ. ఎనిమిది అంకె గియ్యాలి.”

ఆవిడ నవ్వబోయి ఆగింది. దొడ్లో ఎడంగా నిలబడ్డ రెండు కొబ్బరిచెట్ల వైపు ఒకసారి చూసింది. “ఆయ్, గియ్యండి, గియ్యండి,” అని, నీళ్లు పొయ్యడం సగంలోనే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. అలా చూడకుండా వెళ్లిపోవడం ఎంత సాయమో అతనికి తెలుసు. భార్య భ్రమరాంబ పోయిన ఈ మూడేళ్లూ ఇలాంటి చిన్న చిన్న సాయాల మీదే అతని రోజులు నడిచాయి.

పదకొండేళ్ల కిందట, డెబ్భై ఏడు మొదట్లో, అతను బండి నేర్చుకున్నది కూడా ఈ రెండు చెట్ల చుట్టూనే.

అప్పుడతనికి ముప్ఫై నాలుగేళ్లు. తాతగారు ఘనాపాఠి, నాన్నగారు పంచాంగకర్త. అతను మాత్రం బాపట్లలో వ్యవసాయం చదివి, వ్యవసాయశాఖలో చేరి, ఉప్పలగుప్తం వైపు చేలన్నీ సైకిలు మీదే తిరిగేవాడు. అంతకుముందు డిసెంబరులో ఆఫీసువాళ్లు ఒక మోటారుసైకిలు ఇచ్చారు. దాంతోపాటు ఒక కాగితం కూడా ఇచ్చారు. మూడు నెలల్లో లైసెన్సు చూపించాలి. లేకపోతే జీపూ డ్రైవరూ ఉన్న మన్యం ఆఫీసుకి బదిలీ.

మన్యమంటే అతనికి భయం లేదు. బెంగల్లా భ్రమరాంబ గురించే. భాషాప్రవీణ పట్టా తొమ్మిదేళ్లు ట్రంకుపెట్టె అడుగున పడి ఉన్నాక, ఆర్నెల్ల కిందటే ఆమెకి ఊళ్లో ఆడపిల్లల బడిలో తెలుగు పండితురాలి ఉద్యోగం వచ్చింది. బడికి వెళ్లే రోజుల్లో ఆమె నడకే వేరుగా ఉండేది. బదిలీ కాగితం చదివి వినిపిస్తే, “రాజీనామా రాయడానికి ఎంతసేపండీ, నాలుగు ముక్కలు,” అంది. అంత తేలిగ్గా అనేసినందుకే అతనికి ఆ పూట అన్నం సయించలేదు.

నేర్పడానికి లోవరాజు కుదిరాడు. సముద్రపొడ్డున పడవల మధ్య పుట్టినవాడు. సైన్యంలో చేరి, డెబ్భై ఒకటి యుద్ధంలో మోటారుసైకిలు మీద ఉత్తరాలు మోసి, తిరిగొచ్చి బస్టాండు దగ్గర మెకానిక్కు షెడ్డు పెట్టుకున్నాడు.

మొదటి రోజే అతను ఉమామహేశ్వరరావుని ఎగాదిగా చూశాడు. “పంచె వద్దండి బాబుగారండీ. గొలుసులో పడిందంటే పంచెతోపాటు పరువు కూడా లాక్కుపోద్దండి.”

ఫాంటు తొడుక్కున్నా కష్టాలు తీరలేదు. కిక్కు కొట్టడం, క్లచ్చి వదలడం, గేరు మార్చడం పది రోజుల్లో వచ్చాయి. సైకిలు అలవాటే వదల్లేదు. భయమేస్తే చాలు, సైకిలు దిగినట్టు కాలు వెనక్కి తిప్పి దిగిపోయేవాడు. బండి మాత్రం దిగకుండా తన దారిన పోయి కాలవ గట్టు మీది తుప్పల్లో దూరేది.

“దిగాలంటే ముందు ఆపాలండి,” అనేవాడు లోవరాజు, తుప్పల్లోంచి బండిని లాగుతూ. “ఇది ఎద్దు కాదండి, దానంతటది ఆగడానికి.”

ఆ అలవాటూ పోయింది. మిగిలింది ఎనిమిది. నెలకోసారి క్యాంపుకి వచ్చే బ్రేకిన్‌స్పెక్టరు నేలమీద ఎనిమిది అంకె గీయించి, కాలు కింద పెట్టకుండా దాని మీద తిరిగి రమ్మనేవాడు. మొదటి నెల ఉమామహేశ్వరరావు మలుపులో కాలు పెట్టేశాడు. రెండో నెల కాలు పెట్టలేదు కానీ, గీత దాటి వెళ్లి మలుపుకి గుర్తుగా పెట్టిన డ్రమ్ముని గుద్దాడు. ఇక ఒక్క క్యాంపే మిగిలింది.

దొడ్లో రెండు కొబ్బరిచెట్ల చుట్టూ లోవరాజు పుల్లతో ఎనిమిది గీశాడు. ఉమామహేశ్వరరావు చూపు చెట్టు మీదికి పోయేది, బండీ చెట్టు మీదికే పోయేది.

“చెట్టొంక సూడకండి బాబుగారండీ! ఎటు సూత్తే అటే ఎల్తాదండి బండి!”

“మరి ఎటు చూడనయ్యా?”

“ఎటెల్లాలో అటండి.”

“ఎటు వెళ్లాలో తెలిస్తే నువ్వెందుకయ్యా నాకు?”

“ఆయ్, అదీ నిజవేనండి.”

అరుగు మీద కూచుని పలక పట్టుకున్న ఆరేళ్ల సూర్యకుమారి గట్టిగా అరిచేది. “అమ్మా! నాన్న మళ్లీ చెట్టుకి దణ్ణం పెట్టేడు!”

ఒక సాయంత్రం బడినుంచి వచ్చిన భ్రమరాంబ గొడుగు ముడిచి, భర్త మోకాలి మీది దెబ్బనీ, చెరిగిపోయిన పుల్లగీతనీ చూసింది. “ఇదేనా ఎనిమిదంటే? రెండు చుక్కల మెలికే కదండీ!” అంది. కొంగు బిగించి, లోపలినుంచి కొబ్బరిచిప్పతో ముగ్గు తెచ్చింది. రెండు చెట్లనీ రెండు చుక్కలనుకుని, వంగిన నడుం ఎత్తకుండా, వేళ్ల సందునించి పిండి తెగకుండా, ఒక్క మెలికలో రెండింటినీ చుట్టేసింది.

లోవరాజు చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. “అమ్మగారేసిన ముగ్గు మీద చక్రం ఎక్కించమంటారేటండి? నా వల్ల కాదండి.”

“తొక్కడానికే వేశాను లోవరాజూ. తొక్కనీ.”

అప్పటినుంచి ఆమె రోజూ పొద్దున్నే దొడ్లో కళ్లాపి చల్లి మెలిక వేసి బడికి వెళ్లేది. సాయంత్రం వచ్చాక, పిల్లల నోటుపుస్తకాలు దిద్దినట్టు ఆ ముగ్గుని దిద్దేది. నాలుగో రోజు రెండు సున్నాలూ కలిసేచోట ఆగింది.

“ఇదిగో, రోజూ ఇక్కడే చెరుగుతోంది. మెలిక దగ్గరికొచ్చేసరికి మీరు కిందికి చూస్తున్నారు.”

“గీత మీద పోవద్దూ మరి?”

“నేను ముగ్గేసేటప్పుడు నా చేతిని చూసుకుంటానా ఎప్పుడైనా?”

అతను తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చూసింది ముగ్గునే. ఆమె కళ్లెక్కడ ఉంటాయో ఏనాడూ గమనించలేదు.

“చెయ్యి ఎక్కడుందో చేతికి తెలుసండీ. కన్ను తరవాతి చుక్క దగ్గర ఉండాలి,” అంది భ్రమరాంబ.

“నేను రెండు నెల్లబట్టి సెప్తంది అదేనండి అమ్మగారండీ,” అన్నాడు లోవరాజు బుర్ర గోక్కుంటూ. “నాకు సెప్పడం రాలేదంతేనండి.”

చెప్పి ఊరుకోలేదు ఆమె. రెండో చెట్టు అవతలికి వెళ్లి నిలబడింది. “నన్ను చూస్తూ రండి.” అతను ఆ మలుపు తిరిగేసరికి ఆమె మొదటి చెట్టు అవతలికి నడిచి ఉండేది. అతను వెనకాలే, ఆమె ముందే. అమ్మ మీదికి బండి వచ్చేస్తోందని సూర్యకుమారి మొదట ఏడ్చింది. కాసేపటికి తనూ అమ్మ వెనకాల పరిగెత్తడం మొదలెట్టింది. మూడో సాయంత్రం అతను కాలు దించకుండా పదకొండు చుట్లు తిరిగాడు. ముగ్గు మీద చక్రం జాడ ఒక్కటే గీతగా పడింది.

క్యాంపు రోజు బడికి సెలవు లేదు. “నేనక్కడ లేకపోతే ఏం? ఎక్కడుంటానో మీకు తెలుసుగా,” అని భ్రమరాంబ గొడుగు వేసుకుని వెళ్లిపోయింది.

మైదానంలో సున్నపు గీత, రెండు కిరసనాయిలు డ్రమ్ములు. లోవరాజు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకొచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. బండి కదిలింది. మొదటి డ్రమ్ము దాటి మెలిక దగ్గరికి వస్తుంటే ఉమామహేశ్వరరావు చూపు పాత చోటికే జారబోయింది. అప్పుడతను తలెత్తాడు. రెండో డ్రమ్ము అవతల మేకుకి కట్టిన గేదె తప్ప ఎవరూ లేరు. ఆ గేదె పక్కన అతను భ్రమరాంబని నిలబెట్టుకున్నాడు. బిగించిన కొంగు, వేళ్లకి తెల్లటి పిండి. బండి మెల్లిగా ఒరిగి, గీత వెంట తిరిగింది.

ఇన్‌స్పెక్టరు తలెత్తకుండానే, “ఇంకోసారి,” అన్నాడు. ఇంకోసారీ తిరిగాడు. కాగితం మీద సంతకం పడింది.

“అమ్మగారికి సెప్పండి, నా షెడ్డు మూసేత్తానని,” అన్నాడు లోవరాజు కళ్లు తుడుచుకుంటూ.

అతను ఇంటికి పోలేదు. బడి విడిచే వేళకి గేటు దగ్గర బండి ఆపి నిలబడ్డాడు. భ్రమరాంబ మెట్లు దిగుతూ అతన్ని చూసింది. ఆ పూట ఆమె వేళ్లకున్నది ముగ్గు కాదు, సుద్ద. అతను వెనక సీటు చూపించాడు.

“పిల్లలు చూస్తున్నారండీ,” అని గొణిగింది. గొణుగుతూనే ఎక్కి కూచుంది. ఆ తరవాత ఎనిమిదేళ్లపాటు ఆ సీటు ఆమెదే. ఆ ఉద్యోగమూ చివరిదాకా ఆమెదే.

“నాన్నా, ఎంతసేపు?” అంటూ ఇప్పుడు పదిహేడేళ్లున్న సూర్యకుమారి మోపెడ్డు నడిపించుకుంటూ దొడ్లోకి వచ్చింది. తండ్రి గీసింది చూసి పకపకా నవ్వింది. “ఇది ఎనిమిది కాదు నాన్నా, పొట్లకాయ!”

నిజమే. అడుగడుక్కీ వంకరలు పోయింది. ఉమామహేశ్వరరావు నడుం పట్టుకుని లేచాడు. ఇంతసేపూ తను తన చేతినే చూసుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

కాలితో చెరిపేసి మళ్లీ వంగాడు. ఈసారి రెండో చెట్టు వైపు చూశాడు. మోకాలెత్తున తన బండి చేసిన మచ్చ ఇంకా అలాగే ఉంది. చూపు మచ్చ దాటించి, చెట్టు అవతల ఖాళీగా ఉన్న చోట నిలిపాడు. చేతిని దాని మానాన వదిలేశాడు. పిండి వేళ్ల సందునించి జారుతోంది. గీత సరిగా వస్తోందో లేదో చూసుకోలేదు. సూర్యకుమారి నవ్వు మాత్రం ఆగిపోయింది.

మెలిక పూర్తయ్యాక అతను చేతులు దులుపుకుని, వెళ్లి ఆ ఖాళీ చోట నిలబడ్డాడు.

“ఇంక స్టార్టు చెయ్యి.”

మోపెడ్డు కదిలింది. మొదటి మలుపులోనే సూర్యకుమారి కళ్లు నేరుగా చెట్టు మీదికి పోయాయి.

“చెట్టుని కాదే! నన్ను చూడు, నన్ను!” అని అరిచాడు ఉమామహేశ్వరరావు, రెండు చేతులూ ఎత్తి.

దడి అవతల పాదుల్లో నీళ్ల చప్పుడు మళ్లీ మొదలైంది.