వాలిన తేరు

తాటితోపుల వెనుకకు దిగుచున్న సూర్యబింబము గుడిశిఖరమందలి సిలువనీడను ఇసుకతిన్నెలమీదుగా సముద్రముదాక చాపుచుండగా, నైరృతిదిక్కున తొలకరిమేఘములు క్రొత్తగా తారు పూసిన పడవలవలె నొకదాని ప్రక్క నొకటి చేరి నిలువగా, వేటనిషేధము ముగిసి మరల తడిసిన వలల యుప్పువాసన మల్లెమాలల పరిమళముతో వీథివీథిని పెనగొనుచుండగా, గ్రీష్మాంతమున శౌరిరేవను నా చిన్నపట్టణమున అర్చ్యశిష్ట రాయప్పగారి పండుగ సాయంకాలము ప్రవేశించెను.

రాయప్పగారు ప్రభువు శిష్యులలో నగ్రగణ్యుడు. శిష్యుడగుటకు మున్ను వల వేసి బ్రదికినవాడు. అందుచేత ఆ రేవునందలి కథోలిక జాలరులు ఆయనను మోక్షద్వారపు తాళపుచెవులు దాల్చిన మహాత్మునిగా కంటె తమ కులపెద్దగానే యెక్కువ యెఱుగుదురు. మ్రొక్కు ఫలింపనియెడల ఆయనతో జగడమాడుటకును వెనుదీయరు. ఏటేట పండుగనాడు ఆయన ప్రతిమయగు స్వరూపమును తేరుపై నిలిపి బలశాలురగు యువకులు మోతకఱ్ఱలకు భుజములొగ్గి యూరేగింతురు. ఆ యూరేగింపునకు పెద్దలనాటినుండి రెండు కట్టుబాట్లు కలవు. ఆ యేట మరణము సంభవించిన యింటియెదుట తేరును నేలకు దింపవలయును. ఆ యింటి పెద్దయామె మోతగాండ్ర పాదములు కడుగవలయును. అందఱును మృతునికై నిత్యవిశ్రాంతిని వేడవలయును. ఇది యొకటి. తేరు మోయువాని చోటు వాని ప్రాణమున్నంతవఱకు వానిదే. వాడు దూరదేశమున నున్నను ఆ చోట వేఱొకడు భుజమొగ్గరాదు. వాడు మరణించిన పిమ్మట వాని యింటివారు తమ నోట నొకనిని పేర్కొనినగాని యది నిండదు. ఇది రెండవది.

ఆ యేట తేరు ముందువైపున ఎడమమూల నొక చోటు శూన్యముగా నుండెను. అది బాలశౌరిది.

బాలశౌరి విధవయగు తెరెజమ్మకు ఏకైకపుత్రుడు. గడచిన కార్తికమున వాయుగుండము పడవను తలక్రిందు చేసినపుడు వానితోడ వేటకు పోయిన నేస్తము ఇన్నాసి తెల్లవాఱిన పిమ్మట నొడ్డునకు కొట్టుకొనివచ్చెను. బాలశౌరి రాలేదు; వాని దేహమును రాలేదు. ఇసుకలో కూలబడి వణకుచున్న ఇన్నాసియెదుట నిలిచి తెరెజమ్మ యొక్క ప్రశ్నయే యడిగెను.

"వాడు మునుగుట నీ కన్నులతో చూచితివా?"

"బోర్లపడిన పడవను పట్టుకొని చాలసేపుంటిమి పిన్నమ్మా. వాని చేయి నా చేతిలోనే యుండెను. పెద్దయల వచ్చెను. చేయి జాఱినది. చీకటిలో మునుగుట చూడలేదు."

"చూడనిమాట పలుకకుము."

అది మొదలు ఆమె వానితో మాటాడలేదు. గుడి విచారణగురువులు ఆత్మశాంతిపూజ చేయుదమని రెండుమాఱులు కబురంపినను ఆమె యొప్పుకొనలేదు. ప్రభువు పునరుత్థానపు పాస్కాపండుగ పిమ్మట కోడలగు లూర్దు యొక్క తండ్రి వచ్చి, పిల్ల చిన్నది, పూజ చేయించి దానిని తనతో పంపుమని చేతులు జోడింపగా, భర్తగల యాడుదానిని కారణము లేక పుట్టింట నుంచుట యే యూరి మర్యాదయని యడిగి పంపివైచెను. లూర్దు తలుపు వెనుక నిలిచి యంతయు విని వంటయింటిలోనికి పోయెను.

నవదినప్రార్థనలు మొదలైనదాదిగా ప్రతిసాయంకాలమును తేరును గుడిచుట్టు త్రిప్పుచుండిరి. ఎడమమూల భుజము లేకపోవుటచే తేరు ఆవైపునకు వాలుచుండెను, స్వరూపముఖమును వాలుచుండెను. గుడిమెట్లయొద్ద ఎడమప్రక్కను నిలుచు తెరెజమ్మకు మాత్రము రాయప్పగారు తనవైపు తల వంచి ఔనని పలుకుచున్నట్లు తోచుచుండెను. "తండ్రీ, నీవు నీటిమీద నడవబోయి మునుగునపుడు నీ చేయి పట్టి లేవనెత్తినవాడు కలడు. నా బిడ్డ చేతిని నీవు పట్టకుందువా?" యని ఆమె ప్రతిదినము నడుగును, ఆయన ప్రతిదినము తల వంచును. ఊరంతయు పోయినాడనినను ఆ శూన్యస్థానము వాడు పోలేదని సాక్ష్యమిచ్చుచుండగా ఆమె కింకేమి కావలయును?

పండుగనాటి అపరాహ్ణమున ఆమె కోడలిని పిలిచి పెట్టెలోని పెండ్లిచీర తీయించెను. సుమంగళులు తేరు వచ్చువేళకు పెండ్లిచీర కట్టి దీపముతో గడపయొద్ద నిలుచుట వాడుక. దడి యావలినుండి పొరుగింటి మార్తమ్మ తొంగిచూచెను.

"ఏమి వదినా, కోడలికి పెండ్లిచీర కట్టించుచున్నావు! పెండ్లికొడుకు ఏ పడవలో దిగుచున్నాడు?"

"నీ మగడు కల్లుపాకనుండి తూలక ఇల్లు చేరిననాడు చూడుము. ఆ వెనుకనే నా కొడుకును దిగును."

మార్తమ్మ మూతి త్రిప్పుకొని తప్పుకొనెను. తెరెజమ్మ విజయగర్వముతో కోడలివైపు తిరిగి కొంగు సవరింపబోయి నిలిచిపోయెను. పెండ్లినాడు కోడలి చేయి పెండ్లిరవికలో పట్టక పోగా తానే కూర్చుండి కుట్లు విప్పి వదులు చేసినది. నేడు ఆ చేతిగుడ్డలో ఆమె రెండువ్రేళ్లు సులభముగా దూరెను.

"అన్నము తినుట లేదటే?"

"తినుచున్నాను అత్తా."

"తిన్నది ఎక్కడికి పోవుచున్నది మఱి?"

లూర్దు నవ్వబోయెను, నవ్వు రాలేదు. అత్త తన మెడలోని పిన్నీసు తీసి ఆ వదులైన గుడ్డను మడచి గ్రుచ్చుచుండగా ఆమె నేలచూపుతో మెల్లగా పలికెను.

"అత్తా, నాకొక సెలవీయరా?"

"పుట్టింటికా?"

"కాదు. ఏడ్చుటకు. ఒక్కమాఱు, గట్టిగా. ఏడ్చిన ఆయన లేనట్లే యని మీరంటిరి. ఏడువక యిన్నినెలలుంటిని. ఐనను రాలేదు కదా?"

"పండుగపూట అశుభము పలుకకుము. దీపము పట్టుకొని గడపయొద్ద నిలువుము."

పిన్నీసు మొన తెరెజమ్మవ్రేలిలోనే దిగెను. ఆమె వ్రేలిని చీరకు తుడిచికొని వాకిట నీరు చల్లుటకు పోయెను.

సంధ్యారుణము సముద్రముపై సన్నగిల్లుచుండగా గుడిగంటలు మ్రోగెను. ముందు సిలువయు, దాని వెంట కాగితపుఱెక్కలు కట్టుకొని దేవదూతలగు సన్మనస్కుల వేషము దాల్చి చెప్పులు లేని కాళ్లతో ఇంకను చల్లాఱని ఇసుకవేడికి గంతులిడుచున్న బాలికలును, జపమాల చెప్పుచు మఠకన్యలును, ఒకపాటలోనుండి యింకొకపాటలోనికి తెలియకయే జాఱిపోవు బ్యాండుమేళమును, వానియన్నిటి వెనుక జనసముద్రముమీద పడవవలె నూగుచు రాయప్పగారి తేరును వీథిలోనికి వచ్చెను. ప్రక్కను గంట పట్టి నడచుచున్న గుడి ఉపదేశి గాబ్రియేలు ఏ యింటియెదుట తేరు దింపవలయునో ఏ యింటిని దాటవలయునో చేసైగచే తెలుపుచుండెను. తెరెజమ్మయింటి గడపయొద్ద పెండ్లిచీరయు వెలుగుచున్న దీపమును చూచి ఆయన యొక నిట్టూర్పు విడిచి పదుడని చేయి యెత్తెను.

తేరు కదలెను. స్వరూపము ఎప్పటివలెనే తెరెజమ్మవైపు తల వంచెను. ఆమె చేతులు జోడించి ఆ ముఖమును చూచెను. కాని యా సాయంకాలమున ఆమె చూపు అచ్చట నిలువలేదు. అది మల్లెమాలలమీదుగా తాళపుచెవులమీదుగా మోతకఱ్ఱమీదుగా క్రిందికి దిగెను. శూన్యస్థానమునకు వెంటనే వెనుక ఇన్నాసి యుండెను. ఇద్దఱి బరువు వానిభుజముపై పడుటచే వాని మెడ వంగి ముఖము నల్లబడి తెల్లచొక్కాయందు భుజముకడ నెత్తుటిమరక వ్యాపించుచుండెను. చోటు మార్చుకొమ్మని తోడివారు తొమ్మిదిదినములు చెప్పినను వినని వాని మొండితనము తెరెజమ్మ చెవినిబడినదే. ఆమె దానిని లక్ష్యపెట్టలేదు. ఇప్పుడు చూచెను. రాయప్పగారు తనవైపు వంగుట లేదు. ఆయన క్రింద నొక మనుష్యుడు క్రుంగుచుండెను. ఆమె కోడలివైపు తిరిగెను. దీపము పట్టిన యా సన్ననిచేతియందు పిన్నీసు మెఱయుచుండెను.

తెరెజమ్మ వాకిటనున్న నీటిబిందె చంక నెత్తుకొని వీథిలోనికి దిగి తేరున కడ్డముగా నిలిచెను.

"దింపుడు."

మేళము తప్పటడుగు వేసి యాగిపోయెను. ఉపదేశి ఆమె దగ్గఱకు వచ్చి గొంతు తగ్గించెను.

"చెల్లెమ్మా, దింపుమనుట కర్థమెఱిగియే పలుకుచున్నావా?"

"ఎఱుగుదును అన్నా. కార్తికమునుండి ఎఱుగుదును. దింపుడు."

తేరు నేల తాకెను. ఆమె యొక్కొక్కని పాదములపై నీరు పోసి తన కొంగుతో నొత్తుచు ఇన్నాసియొద్దకు వచ్చెను. వాడు కాళ్లు వెనుకకు తీసికొనెను.

"నాకు వలదు పిన్నమ్మా. నేను వానిని విడిచినవాడను."

"విడిచితినని నీవు నాడు చెప్పలేదు. జాఱినదని చెప్పితివి. విననిదానను నేను. కాళ్లు చాపుము."

వాడు చాపెను. కడుగుట ముగిసిన పిమ్మట ఆమె లేవక వాని కుడిచేతిని తన రెండుచేతులతో పట్టుకొని త్రిప్పి చూచెను. వలత్రాళ్లు కోసిన గీతలతో మొద్దుబాఱిన యా యఱచేతిని తన కన్నులపై నుంచుకొనెను.

"నా బిడ్డ కడపట పట్టుకొన్నది దీనినే కదా."

ఇన్నాసి బాలునివలె వెక్కివెక్కి యేడ్చెను. ఉపదేశి గంట మ్రోగించి, బాలశౌరిపేరు పలికి నిత్యవిశ్రాంతిని వేడగా జనులందఱును పలికిరి. పిమ్మట ఆయన కట్టుబాటు ననుసరించి యా చోటు నెవ్వరికిత్తువని యడిగెను.

"ఇన్నాసికి. వాని వెనుకచోటునకు ఇంకొకనిని పిలుచుకొనుడు. ఆ భుజమునకు మొదట నొక గుడ్డ మడచి వేయుడు."

అంతట ఆమె గడపవైపు తిరిగెను. లూర్దు దీపమును గడపపై నుంచి రెండుచేతులను నోటి కడ్డము పెట్టుకొని నిలిచియుండెను.

"చేతులు తీయుము తల్లీ," అనెను తెరెజమ్మ. "సెలవిచ్చితిని."

నెలలతరబడి గొంతులో నిలిచిన యా రోదనము వెలువడగా దడి దాటి మొదట పరుగెత్తివచ్చి యా పిల్లను కౌగిలించుకొన్నది మార్తమ్మయే.

మోతగాండ్రు నడుములు వంచి తేరు నెత్తిరి. అది యీమాఱు వాలలేదు. నాలుగుమూలలను సమముగా లేచి నిలిచెను. రాయప్పగారి ముఖము తెరెజమ్మయింటినుండి తొలగి వీథిచివర కానవచ్చు సముద్రమువైపు నిటారుగా చూచుచు సాగిపోయెను. లేనివానికై మనము నిలిపియుంచు చోటు శూన్యమని తలంతుము గాని దాని బరువు ఉన్నవారి భుజములపైననే నిలుచునని ఆమె యా సాయంకాలమున తెలిసికొనెను. తెలిసికొన్నందున దుఃఖము తగ్గలేదు. ఒట్టిబిందెతో వీథినడుమ నిలిచి, పాదములు కడిగిన నీరు పల్లమునుబట్టి సముద్రమువైపు నాలుగడుగులు పాఱి అచ్చటికి చేరకయే యిసుకలో నింకిపోవుటను ఆమె చూచుచుండెను.