రెండు బండ్లు అడిగిన బేరం

పెనుకొండ రోడ్డులోని గార్మెంట్ ఫ్యాక్టరీలో యూనియన్‌కూ మేనేజ్‌మెంట్‌కూ రాజీ కుదిర్చినవాణ్ణి నేనే. నేను లేకపోతే ఈపాటికి ఆ కుట్టుమిషన్ల మీద ఉడుతలు సంసారం చేస్తుండేవి. గేటు ముందర నాది టీ బంకు. నా అల్లం టీ వాసనకు బెంగళూరు రైలు స్టేషను లేనిచోట ఆగుతుంది, డ్రైవరు గ్లాసు పట్టుకుని దిగుతాడు.

యూనియన్ లీడరు గంగాధరప్ప. వాళ్ల నాయన హిందూపురం సంతలో ఎద్దుల దళారి, తువాలు కింద వేళ్లు పట్టి ధర పలికే మనిషి. కొడుక్కి నేర్పింది ఒకటే: కావలసినదానికి రెట్టింపు అడుగు, తర్వాత దిగు. మేనేజరు ఫణి వాళ్లది ధర్మవరంలో పట్టుచీరల అంగడి. ఆయన నేర్చిందీ ఒకటే: ముందు కాదను, ఎదుటివాడు దిగినాక కదులు.

పనిలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఆసుపత్రికి పోవడానికి గేటు దగ్గర ఒక బండి ఉండాలి. అడగాల్సింది అంతే. గంగాధరప్ప భార్య కదిరమ్మ కూడా అక్కడే కాలర్లు కుట్టేది. ఉబ్బసం మనిషి.

నేను టీ తీసుకుపోయేసరికి మీటింగు జరుగుతోంది.

"రెండు బండ్లు కావల్ల సార్" అన్నాడు గంగాధరప్ప.

"రెండా? పెళ్లికేమన్నా పోతాండారా? ఒకటి కూడా కుదరదు" అన్నాడు ఫణి.

బయటికొచ్చినాక అడిగాను. "ఏమప్పా, కావాల్సింది ఒకటే కదా. ఒకటే అడగరాదా?"

"మల్లప్ప మామా, నువ్వు చక్కెర చూసుకో. ఒకటడిగితే సగం బండి ఇస్తారు. సగం బండి ముందర చక్రాల మీద పోతాదా, యెనక చక్రాల మీదనా?"

నేనూ నవ్వాను. వారాలు గడిచాయి. ఎదుటివాడు దిగుతాడని ఇద్దరూ కూర్చున్నారు.

ఒక మధ్యాహ్నం కదిరమ్మ మిషను మీదికి వాలిపోయింది. గంగాధరప్ప యూనియన్ పని మీద ధర్మవరం పోయి ఉన్నాడు. 108కి ఫోన్ చేస్తే, అంబులెన్సు ఇంకొకరి కోసం పోయిందన్నారు. రోడ్డున పోయే టమాటాల ఆటోను ఆపి, బుట్టలు దించి ఆమెను ఎక్కించాము. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. సోమందేపల్లి దాటినాక కళ్లు తెరిచి, "ఆయప్పను ఎవురూ ఏమీ అనద్దండి మామా" అంది. హిందూపురం చేరేలోపలే ఒళ్లు చల్లబడింది.

కర్మలు ముగిశాక మళ్లీ కూర్చున్నారు. ఈసారి మాట్లాడింది యూనియన్ సెక్రటరీ పావని, కదిరమ్మ పక్క మిషను పిల్ల.

"బేరం వద్దు సార్. మాకేమి కావల్లో, ఎందుకు కావల్లో మేము చెప్తాం. మీకు యాడ కష్టమో మీరు చెప్పండి."

"పగలంతా ఊరికే నిలబడే బండి ఎందుకని పైవాళ్లు నన్ను అడుగుతారమ్మా."

"పొద్దున స్టాఫును దించిన బండి హిందూపురం పోయి సాయంత్రందాకా ఊరికేనే ఉండాది కదా. ఆడ నిలబడేది ఈడ నిలబడితే?"

టీ చల్లారేలోపల మాట కుదిరింది. ఫణి మాత్రం లేవలేదు.

"మొదటి రోజే ఒకటి ఇద్దామనుకున్నాను గంగాధరప్పా. మీరు దిగుతారని చూసినాను."

"నాకూ ఒకటే కావాల్సిండె సార్" అన్నాడు గంగాధరప్ప.



రాజీ కుదిర్చింది నేనేనని కోతలు కోశాను కదూ? నేను చేసిందల్లా గ్లాసులు పెట్టడం, ఎత్తడం. ఆ రోజు ఎత్తినవి నిండు గ్లాసులే. రైలు కూడా నా కోసం ఎన్నడూ ఆగలేదు, కూత మాత్రం వేసిపోతుంది. ఏం చేయను, టీ కన్నా గొప్పలే బాగా అమ్ముడుపోతాయి!

ఇప్పుడు ఆ గదిలో ఏది అడిగినా ముందు ఎందుకో చెప్పి అడుగుతారు, కాదంటే ఎందుకు కాదో చెప్తారు. బండి గేటు దగ్గరే ఉంటుంది. గంగాధరప్ప దాని వైపు చూడకుండా లోపలికి పోతాడు.

ఇంకొకటి. ఆటోలో కదిరమ్మ ఏమీ అనలేదు. కళ్లు కూడా తెరవలేదు. ఆసుపత్రి గేటు దగ్గర గంగాధరప్ప నా చొక్కా పట్టుకుని, "ఏమన్నా అనిందా మామా?" అని అడిగినప్పుడు, ఆ ఒక్క మాటా నేను కల్పించాను.