దారం లేచిన రోజు

నేను ఒక తీగను. జానెడు ఇత్తడి కాడకు బిగించిన, మీ చూపుడువేలంత పొడవు కూడా లేని సన్నని తీగను. నా కొస చిన్న ఉంగరంలా చుట్టి ఉంటుంది. అందులో ఆవగింజ పడితే గొప్ప. మైక్రోబయాలజీ ల్యాబులో నన్ను లూప్ అంటారు. కంటికి కనిపించని సూక్ష్మజీవులను ఒక గాజు పళ్లెంలోంచి ఇంకో గాజు పళ్లెంలోకి మోసుకెళ్లడం నా ఉద్యోగం. నేను వాటిని ముట్టుకోబోయే ముందు, వేరే క్రిములేవీ కలవకుండా, నన్ను బర్నర్ మంటలో ఎర్రగా కాలుస్తారు. ముట్టుకున్నాక మళ్లీ కాలుస్తారు. ప్రయోగం వాళ్లది, కాలడం నాది. అయినా నేనెప్పుడూ ఫిర్యాదు చేయలేదు. నాకు దొరికిన జీవితం అంత సరదాగా ఉండేది మరి!

ఉత్తరాదిలో ఏదో ఊళ్లో, ఇరుకైన వర్క్‌షాపులో నన్ను తయారుచేశారు. మందపాటి కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ సన్నని మేకు చుట్టూ నన్ను ఒక్క తిప్పు తిప్పి, పక్క బుట్టలో పడేసింది. అక్కడి నుంచి పెట్టెలో పడి, రైలెక్కి, బస్సెక్కి, కోనసీమలోని ఒక డిగ్రీ కాలేజీకి చేరాను. పెట్టె విప్పింది అటెండర్ సత్తిరాజు. ముప్పై మందిమి ఉన్నాం. ఒక్కొక్కరినీ వెలుతురుకు పెట్టి, ఒంటికన్ను మూసి చూసి, "బాగానే చుట్టారు" అని మెచ్చుకుని, బర్నర్ల పక్కన స్టాండుల్లో నిలబెట్టాడు.

ఇక మొదలైంది సందడి. మొదటి సంవత్సరం పిల్లల చేతులు ఎంత వణుకుతాయో చెప్పలేను. నన్ను మంటలోంచి తీసి, చల్లారనివ్వకుండానే పళ్లెంలో గుచ్చేవారు. "చుయ్" మని ఆవిరి లేచేది. గడ్డకట్టిన జెల్లీలాంటి అగార్ మీద సుతారంగా గీతలు గీయమంటే, పొలం దున్నినట్టు దున్నేసేవారు. కానీ మర్నాడు పొద్దున్నే పళ్లెం మూత తీసి, నిన్న ఏమీ లేనిచోట తెల్లటి చుక్కలు మొలిచి ఉండటం చూసినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. "వచ్చేశాయండీ మేడమ్! మా పళ్లెంలో వచ్చేశాయి!" అని కేకలు. ఆ కేకల కోసం నేను రోజుకు వందసార్లయినా కాలేవాణ్ణి.

వాళ్లందరిలోకీ మంచి చెయ్యి కొప్పాడి ధనుంజయ్‌ది. సముద్రం ఒడ్డున చేపల వేట చేసుకునే కుటుంబం. చిన్నప్పటి నుంచీ వలలు అల్లిన వేళ్లు. నన్ను పట్టుకుంటే ఈకను పట్టుకున్నట్టు ఉండేది. అతను గీసిన పళ్లెంలో చుక్కలు ఒకదానికొకటి తగలకుండా, విడివిడిగా, ముత్యాల్లా వచ్చేవి. పాఠం చెప్పే కాంతిమతి మేడమ్ ఆ పళ్లేన్ని ఎత్తి పట్టుకుని, "ఇదిగో, ఇలా గీయాలి" అని క్లాసంతటికీ చూపించేవారు.

రెండో సంవత్సరంలో గ్రామ్ స్టెయినింగ్ వచ్చింది. స్లైడు మీద బ్యాక్టీరియాను పరిచి, ఒకదాని తర్వాత ఒకటిగా రంగులు పోసి, కడిగి, మైక్రోస్కోపులో చూడాలి. ఊదారంగులో కనిపిస్తే గ్రామ్ పాజిటివ్. గులాబీరంగులో కనిపిస్తే గ్రామ్ నెగటివ్. ఏ రోగానికి ఏ మందు అన్న ఆలోచన చాలాసార్లు ఇక్కడే మొదలవుతుందని మేడమ్ చెప్పారు.

ధనుంజయ్ పక్క సీటు సువర్చలది. అతను మైక్రోస్కోపులో కన్ను పెట్టగానే ఆమె పెన్సిల్‌తో బల్ల మీద కొట్టేది. ఒక్కోసారి ఒక దెబ్బ, ఒక్కోసారి రెండు. నేను అది ఆమె అలవాటేమో అనుకున్నాను. మనుషుల మధ్య ఎన్నాళ్లు నిలబడినా మనుషులు అర్థం కారు!

అసలు సంగతి ఇంటర్నల్ పరీక్షనాడు బయటపడింది. నంబర్ల ప్రకారం కూర్చోబెట్టారు. సువర్చల ఎక్కడో కిటికీ దగ్గర పడింది. ధనుంజయ్ మూడు స్లైడ్లూ చక్కగా తయారుచేశాడు. మూడింటికీ జవాబు తప్పు రాశాడు.

సాయంత్రం మేడమ్ అతన్ని పిలిచారు. అంత కోపంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

"రికార్డులో ఇన్నాళ్లూ ఒక్క తప్పు లేదు. ఇవాళ మూడూ తప్పేంటి? ఎవరిది చూసి రాస్తున్నావు ధనుంజయ్?"

అతను తల వంచుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ సువర్చల లోపలికి వచ్చేసింది.

"నేనే చెప్పేదాన్నండీ మేడమ్. ఊదా అయితే ఒక దెబ్బ, గులాబీ అయితే రెండు. రికార్డులో రంగులు కూడా నేనే వేశానండి."

"ఎందుకూ?"

అప్పుడు అతను నోరు విప్పాడు. "నాకు రెండూ ఒకేలా ఉంటాయండీ. ఆకారం తెలుస్తాది, రంగే తెలీదు. పడవలో కూడా అంతేనండి. మా వల మీద జెండా ఎరుపు, పక్కోళ్లది ఆకుపచ్చ. ఓసారి పక్కోళ్ల వల లాగేశాను. గొడవైపోయింది. నీకు సముద్రం కుదర్దురా, చదువుకో అన్నాడు మా నాన్న. ఇప్పుడు ఇదీ కుదర్లేదు. మానేస్తానండీ మేడమ్."

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు.

"మొదటిరోజే చెప్పొచ్చు కదయ్యా."

"చెబితే సీటు తీసేస్తారేమోనని భయమేసిందండి."

"నేనైనా అడగాల్సింది," అన్నారావిడ, తనలో తాను అనుకుంటున్నట్టు. "నాలుగు రోజులు ఆగు. అప్పటిదాకా మానేస్తానన్న మాట ఎత్తకు."

ఆ నాలుగు రోజులూ ఆవిడ పాత పుస్తకాలన్నీ తిరగేశారు. ఐదోరోజు పొద్దున్నే, క్లాసు మొదలవకముందే, ఇద్దరినీ ల్యాబుకు రమ్మన్నారు. రంగుల సీసాలు పక్కకు జరిపేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఉన్న సీసా బల్ల మీద పెట్టారు.

"గ్రామ్ నెగటివ్ కణానికి గోడ పలచన. ఈ ద్రావణంలో కలిపితే గోడ పగిలి లోపలున్న డీఎన్ఏ బయటికొస్తుంది. అది జిగురుగా దారంలా సాగుతుంది. గ్రామ్ పాజిటివ్ గోడ మందం, అంత తేలిగ్గా పగలదు. రంగుతో పన్లేదు. దారం లేస్తే నెగటివ్, లేవకపోతే పాజిటివ్. నేను చదవడమే గానీ చేసి చూడలేదు. ఇవాళ చూద్దాం."

ఆవిడ చెయ్యి నా మీద పడింది! ఇన్నాళ్లూ మోసే కూలీని. ఇప్పుడు జవాబు చెప్పాల్సింది నేను! మంటలో కాలాను, చల్లారాను, గ్రామ్ నెగటివ్ అని అందరికీ తెలిసిన ఒక చుక్కను ఎత్తాను. స్లైడు మీది ద్రావణపు బొట్టులో గుండ్రంగా తిరిగాను. ముప్పై లెక్కపెట్టి ఆవిడ నన్ను మెల్లగా పైకి లేపారు.

ఏమీ లేవలేదు. ఇంకోసారి. ఏమీ లేదు. మూడోసారి కూడా అంతే. నీళ్లలోంచి లేచినట్టు ఖాళీగా లేచాను. ధనుంజయ్ సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

గది ఊడుస్తున్న సత్తిరాజు చీపురు ఆపాడు. "మేడమ్‌గారండీ, ఆ సీసా ఎప్పుడో రెండేళ్ల కిందటిదండి. మూత కూడా సరిగ్గా పట్టదు. అందులో ఇంకా సరుకుందంటారా?"

మేడమ్ తల మీద చెయ్యి పెట్టుకున్నారు. "గాలి తగిలి బలం పోయి ఉంటుంది! కళ్లముందే ఉండి తట్టలేదు చూడు. సత్తిరాజూ, త్రాసు తీయవయ్యా!"

పావుగంటలో కొత్త ద్రావణం తయారైంది. ఈసారి నన్ను ధనుంజయ్ చేతికిచ్చారు. అతను చుక్క ఎత్తాడు, కలిపాడు, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. పదిహేను దాటేసరికి నా చుట్టూ ఏదో చిక్కబడటం నాకు తెలిసింది. అరవాలనిపించింది! అతను నన్ను లేపాడు. నాతోపాటు బొట్టులోంచి సన్నగా, మెరుస్తూ, అంగుళం పొడవున దారం లేచింది.

"లేచింది!" అని సువర్చల గెంతింది. సత్తిరాజు చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. ధనుంజయ్ మాత్రం నన్ను దించలేదు. ఆ దారాన్ని చూస్తూ, "కనబడుతుందండీ మేడమ్," అన్నాడు. "నాకు కనబడుతుంది."

తర్వాత సువర్చల పేర్లు దాచేసి, అంకెలు మాత్రం రాసి, పది పళ్లేలు పెట్టింది. తొమ్మిది సరిగ్గా చెప్పాడు. ఒకటి తొందరపడి ముందే ఎత్తేశాడు. ఆమె తిట్టింది. మళ్లీ చేశాడు, దారం లేచింది.

"పరీక్షలో ఒప్పుకుంటారాండీ?" అని అడిగాడు.

"అది వచ్చే ఎగ్జామినర్ ఇష్టం. నేను మాటివ్వలేను. కానీ ఇక దాచడం మాత్రం వద్దు," అన్నారు మేడమ్.

ఫైనల్ ప్రాక్టికల్స్‌కు మూడో సంవత్సరం చివర వేరే ఊరి నుంచి భైరవమూర్తి అనే పెద్దాయన ఎగ్జామినర్‌గా వచ్చారు. నవ్వడం ఎప్పుడో మరిచిపోయినట్టుండే మనిషి. ధనుంజయ్ బల్ల దగ్గర ఆగి, మైక్రోస్కోపులోకి చూసి, "ఏం రంగు?" అన్నారు.

"తెలీదండి సార్."

"తెలీదా?"

"నాకు ఆ రంగుల తేడా కనబడదండి. కడ్డీల్లాంటి బ్యాక్టీరియా, అది చెప్పగలను. గ్రామ్ పాజిటివా నెగటివా అనేది ఇంకో పద్ధతిలో చూపిస్తానండి, మీరు ఒప్పుకుంటే."

"సిలబస్‌లో ఉన్నది స్టెయినింగ్."

మేడమ్ గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆవిడ కలగజేసుకోకూడదు. భైరవమూర్తిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సరే, చూపించు. ఒప్పుకునేదీ మానేదీ తర్వాత."

నేను మంటలో ఎర్రబడ్డాను. అంత ఉత్సాహంగా ఎప్పుడూ కాలలేదు! చుక్కను ఎత్తాను, బొట్టులో తిరిగాను. చిక్కబడింది. అతను నన్ను లేపాడు. దారం నిటారుగా లేచి నిలిచింది.

"నెగటివ్ అండి."

పెద్దాయన వంగి చూశారు. ఇంకాస్త వంగారు. "ఏదీ, నన్నోసారి చేయనీ," అని నన్ను లాక్కున్నారు. ఆయన చెయ్యి మొదటి సంవత్సరం పిల్లల చెయ్యిలా వణికింది. దారం తెగిపోయింది.

"మెల్లగా లేపాలండి సార్," అన్నాడు ధనుంజయ్.

రెండోసారి లేచింది. భైరవమూర్తిగారి మొహంలో మూడువంతులు నవ్వు వచ్చింది. "ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఎప్పుడూ చేసి చూడలేదు. స్లైడులో గులాబీయే ఉందిలే. రంగు చూడలేనివాడివి రంగు ఇంత శుభ్రంగా ఎలా వేశావయ్యా?"

"నిమిషాలు లెక్కపెట్టుకున్నానండి."

రంగు చెప్పనందుకు రెండు మార్కులు తీసేశారు. మిగతావన్నీ వేశారు. తీసేసిన సంగతి ఆయనే చెప్పి వెళ్లారు. ధనుంజయ్ మైక్రోబయాలజీలోనే పై చదువుకు వెళ్లాడు.

ఆ ఎండాకాలంలోనే నా ఉంగరం మెడ దగ్గర విరిగింది. అన్నిసార్లు కాలి చల్లారిన తీగ ఎన్నాళ్లు ఆగుతుంది? సత్తిరాజు నన్ను పారేయలేదు. విరిగిన గాజు గొట్టాల పక్కన, కిటికీ అరలో పెట్టాడు. ఇక్కడి నుంచి ల్యాబంతా కనిపిస్తుంది.

ఇవాళ కొత్త బ్యాచ్ వచ్చింది. తెల్లకోట్లు ఇంకా మడతలు విడలేదు. కాంతిమతి మేడమ్ హాజరు తీసుకుని, పుస్తకం తెరవకుండానే అన్నారు: "మీలో ఎవరికైనా రంగుల తేడా సరిగ్గా తెలియకపోతే చెప్పండి. సీటుకేమీ కాదు. ఇక్కడ రెండు దారులున్నాయి."

మేడమ్ తొందరపడలేదు. అప్పుడు మూడో బెంచీ చివర ఒక చెయ్యి సగందాకా లేచి, ఆగి, మొత్తం పైకి లేచింది.