పూజలో పెట్టిన పనిముట్టు

ఆయుధపూజ నాడు పనిముట్లన్నీ విశ్రాంతి తీసుకుంటాయి కదా, మరి కత్తిపీటకు మాత్రం అది ఎందుకు లేదన్న అనుమానం కల్యాణసుందరికి కాపురానికి వచ్చిన ఏడాదే మొదలైంది. కోయంబత్తూరు పక్క కినత్తుకడవులో, తమిళం కలిసిన తెలుగు మాట్లాడే ఆ ఇంట్లో పద్ధతి ఖచ్చితమైనది. సరస్వతి పటం ముందు పెట్టి గంధం, కుంకుమ దిద్దిన ఏ వస్తువునూ మరునాడు పొద్దున మళ్లీ హారతి ఇచ్చేదాకా తాకకూడదు. భర్త వరదరాజన్ మోటారు పంపుల దుకాణం నుంచి స్పానర్లు, పైపులు కోసే రంపం, కొలత టేపు వస్తాయి. వంటింట్లోంచి కత్తిపీట వస్తుంది. స్పానర్లు రాత్రంతా పటం ముందు హాయిగా పడుకుంటాయి. కత్తిపీట మాత్రం అరగంట కాకముందే బొట్టు కడుక్కుని వంకాయలు తరగడానికి పోతుంది.

మొదటి ఏడాది అత్త రాజమ్మాళ్‌ను అడిగింది కూడా.

"బాగుండాది కథ. అది పడుకుంటే రేత్రికి అందరూ ఏమి తినేది?" అంది రాజమ్మాళ్. "బొట్టు పెట్టినాము గదా, అదేదా దానికి మర్యాద."

అందరూ నవ్వారు. సుందరి కూడా నవ్వింది. దేవుడి విషయంలో ఎక్కువ ప్రశ్నలు వేయకూడదని పెంచిన ఇంటి పిల్ల ఆమె. శుక్రవారం తలస్నానం, కృత్తికకు ఉపవాసం ఏనాడూ తప్పలేదు. అయినా ఏటా ఆ కత్తిపీటను పటం ముందు నుంచి ఎత్తుకుపోయేటప్పుడు, నిద్రపోతున్న బిడ్డను పనికి లేపుకుపోతున్నట్టే ఉండేది ఆమెకు.

ఈ ఏడు జరిగిన తప్పుకు మూలం కూడా ఆ అనుమానమే.

ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. కూతురు కార్తీక ప్లస్ టూ చదివేటప్పుడు బడి పిల్లలకు ప్రభుత్వం ఊరికే ఇచ్చింది. కార్తీక ఉద్యోగానికి బెంగుళూరు పోతూ, "పాటలు వినుకో అమ్మా" అని వదిలిపోయింది. సుందరి నిజంగానే కొన్నాళ్లు పాటలు వింది. తర్వాత దుకాణంలో లెక్కలు రాసే మునిసామి మానేశాడు. "పనికి ఆళు దొరికేదాకా నాలుగు రోజులు నువ్వు చూసుకో" అన్నాడు వరదరాజన్. మనిషి దొరకలేదు. వెతికినట్టు కూడా లేదు. అప్పటి నుంచి పగలంతా దుకాణంలో రాసిన బిల్లులన్నీ సాయంత్రానికి రబ్బరు బ్యాండు వేసుకుని ఇంటికి వచ్చేవి. పప్పు ఉడికేలోపు కొన్ని, అత్తకు మాత్రలిచ్చాక కొన్ని ల్యాప్‌టాప్‌లో ఎక్కించేది. నెల నెలా జీఎస్టీ లెక్క పంపేది. ఏ సైజు పైపు ఎంత మిగిలింది, ఏ తోట ఆయన ఎంత బాకీ అన్నది దుకాణంలో కూర్చున్నవాడికంటే ఆమెకే ముందు తెలిసేది. ఎవరైనా బంధువులు వచ్చి సుందరి గురించి, "అమ్మిణి ఏమి చేస్తా ఉండాది?" అని అడిగితే మాత్రం వరదరాజన్ జవాబు ఒకటే. "ఏమీ లేదు, సుమ్మా ఇంట్లోదా."

సుమ్మా. ఊరికే. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు కోపం కన్నా ముందు సిగ్గు వచ్చేది. నిజంగా ఊరికే ఉన్న మనిషిని ఎవరో పట్టుకున్నట్టు, తలుపు వెనకాల నిలబడి చేతులు కొంగుకు తుడుచుకునేది.

ల్యాప్‌టాప్‌ను కూడా ఏటా పూజలో పెట్టేది. మూసి, కింద, దుకాణం పుస్తకాల అడుగున. ఈసారి ఎందుకో అలా పెట్టబుద్ధి కాలేదు. స్పానరుకు బొట్టు చేయి పట్టుకునేచోట పెడతాము, తక్కిన వాటికీ అంతే, దీనికి మాత్రం వీపు మీద ఎందుకు అనుకుంది. తెరిచి, పటం ముందు నిలబెట్టి, తన వేళ్లు రోజూ తిరిగే అక్షరాల మీదే గంధం దిద్దింది. పన్నీరు వేసి అరగదీసిన గంధం కాస్త పలచన అయింది. అది మీటల సందుల్లోకి జారడం ఆమె చూడలేదు. అప్పుడు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది.

విజయదశమి పొద్దున హారతి అయ్యాక ఎవరి పనిముట్టు వాళ్లు తీసుకుని కాస్త పని మొదలుపెట్టాలి. వరదరాజన్ స్పానరు పట్టుకుని ఒక నట్టు బిగించాడు. సుందరి మీట నొక్కింది. వెలుగు రాలేదు. మళ్లీ నొక్కింది. రాలేదు.

"అమ్మా, మీ కోడలు సరస్వతికి అభిషేకం చేసేసింది" అని వరదరాజన్ గట్టిగా నవ్వాడు. పక్కింటి కమలం ప్రసాదానికి వచ్చి ఉంది. ఆమెకూ చెప్పాడు. ఫోనులో బావమరిదికీ చెప్పాడు. పదకొండో తేదీలోగా లెక్క పంపాలన్న సంగతి గుర్తొచ్చాక నవ్వు ఆపి, "సరే, బయలుదేరు. తక్కువలో ఒకటి చూద్దాం. ఇంట్లో ఉండేదానికి అంతదా కావాలి" అన్నాడు.

కోయంబత్తూరు దాకా కారులో సుందరి ఆ ల్యాప్‌టాప్ సంచిని ఒళ్లోనే పెట్టుకుంది. దేవుడికి చేసిన పనిలో తప్పు జరిగితే ఎవరికి క్షమాపణ చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు. భక్తి ఎక్కువైందా, తెలివి తక్కువైందా? తనకు ఎవరూ ఇవ్వని గౌరవాన్ని ఆ పెట్టెకు ఇద్దామని చూసిందా? ఆ చివరి ఆలోచనకు ఆమె ముఖం వేడెక్కింది. కిటికీ వైపు తిరిగింది.

పెద్ద దుకాణం. పండుగ తగ్గింపుల రద్దీ. ముందు పాతదాన్ని రిపేరు చేసేవాళ్ల దగ్గర పెట్టారు. అక్కడి అబ్బాయి అడుగు మూత విప్పగానే చుట్టూ గంధం వాసన కమ్మగా లేచింది. వరసలో నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు.

"ఆయుధపూజ కేసా అక్కా?" అన్నాడు అతను తమిళంలో, నవ్వుతూనే. "ఏటా వస్తాయి. ఇది మాత్రం పోయింది, బాగు చేసే ఖర్చుకు కొత్తదే కొనొచ్చు."

ఎవరో కిసుక్కుమన్నారు. సుందరి నేల చూసింది. ఆ వాసన తన చేతులకు కూడా అంటి ఉందేమోనని చేతులు కొంగులో దాచుకుంది.

కొత్తవి చూపించే చోట ఒక అమ్మాయి నిలబడి ఉంది. చొక్కాకు నిత్య అని పేరున్న బిళ్ల. "ఎవరికి సార్? ఏం పనికి?" అని తమిళంలో అడిగింది.

"వీట్టు యూస్‌దాన్" అన్నాడు వరదరాజన్. ఇంటి వాడకానికే. "ఉన్నదాంట్లో తక్కువది చూపించు."

నిత్య ఒక చిన్నదాన్ని చూపించింది. సుందరి చేయి చాచి మీటలు తడిమి చూసింది. కుడి పక్కన అంకెల మీటలు విడిగా ఉండే గడి లేదు. పాతదానికి కూడా లేదు, కార్తీక దానికి వేరే అంకెల పలక ఒకటి తెచ్చి తగిలించింది, ఆ తీగ తెగి ఏడాదైంది. అప్పటి నుంచి పై వరసలోని అంకెలు నొక్కీ నొక్కీ ఆమెకు మణికట్టు లాగుతోంది. పక్కనే అంకెల గడి ఉన్న పెద్దది ఒకటి కనిపించింది. దాని వైపు చూసింది.

కొట్టులో బేరమాడాలన్నా, ఇంటి మాట అనుకోవాలన్నా, ఎదుటివాళ్లకు తెలియకుండా ఆ వైపు తెలుగు ఇళ్లవాళ్లంతా చేసేదే వరదరాజన్ కూడా చేశాడు. తమిళం వదిలేసి ఇంటి తెలుగులోకి వచ్చాడు. గొంతు కూడా తగ్గించలేదు.

"దాన్ని ఏమిటికి చూస్తా ఉండావు? నీకు ఏమి తెలుస్తాది దీంట్లో. గంధం పూసేదానికి అంత పెద్దది కావాలనా? సీరియల్ చూసేదానికి, సుమ్మా రెండు బిల్లు కొట్టేదానికి ఇది చాలు. ఈ పిల్ల ముందర నోరు తెరవవద్దు, రేటు పెంచేస్తాది."

సుందరి తల ఊపింది. అలవాటైన ఊపు. తల ఎత్తేసరికి నిత్య కళ్లు తన మీద ఉన్నాయి. వెంటనే ఆ పిల్ల చూపు దించుకుని పెట్టె మీది చీటీ సరిచేసింది. ముఖం ఎర్రబడింది.

సుందరికి తెలిసిపోయింది. ఈ పిల్లదీ తెలుగు ఇల్లే.

ఇన్నేళ్లూ కూరగాయల అంగడిలో, బట్టల కొట్టులో, బస్సులో, ఎక్కడ పడితే అక్కడ ఆయన ఆ భాషలో ఆమెను ఎన్ని అన్నాడో. ఎవరికీ తెలియదులే అని ప్రతిసారీ ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. అది ఒక పరదా అనుకుంది. వాళ్లలో ఎంతమంది నిత్యలు ఉన్నారో. ఎంతమంది విని, ఇలాగే చూపు దించుకుని, చీటీలు సరిచేసి ఉంటారో. నడివీధిలో కొంగు జారి చాలా దూరం నడిచాక తెలిసినట్టు ఉంది ఆమెకు.

వరదరాజన్‌కు ఫోను వచ్చింది. ఎవరో తోట మోటారు కాలిపోయిందట. ఆయన తలుపు దాకా వెళ్లాడు.

నిత్య దగ్గరికి వచ్చింది. "అక్కా, తప్పుగా అనుకోవద్దు" అంది తెలుగులో, మెల్లగా. "నిజంగా ఏమి పని చేస్తారు దీంట్లో? చెప్పితేదా నేను సరైంది చూపించేదానికి అవుతాది."

ఎవరూ అడగని ప్రశ్న. సుందరి కొంగు సర్దుకుంది. పెద్దగా ఏమీ లేదు అని మొదలుపెట్టింది. బిల్లులు అంది. తర్వాత జీఎస్టీ అంది. సరుకు నిల్వ అంది. బ్యాంకు, అత్త రక్తపరీక్షల కాగితాలు, కరెంటు, తోటల బాకీలు. చెబుతున్నకొద్దీ అది ఎవరో వేరే మనిషి చేసే పనిలా వినిపించింది. ఇంత పని చేసేవాళ్లు ఇంత తలవంచుకుని ఉండరే అనిపించింది.

"అబ్బ" అంది నిత్య. "మా అమ్మ కూడా ఇట్లేదా. నా జీతం లెక్క కూడా అదే రాస్తాది, అడిగితే సుమ్మా ఉండాను అంటాది." కాస్త నవ్వి, చిన్నదాన్ని పక్కకు జరిపింది. "దీంట్లో నాలుగు జీబీదా ఉండాది. ఒక ఏడాదిలో నత్త మాదిరి అయిపోతాది. ఆ పెద్దదాంట్లో ఎనిమిది. అంకెల గడి ఉండాది. ఊరికే ఖర్చు పెట్టించేదానికి చెప్పలేదక్కా. దానికన్నా పైది మీకు వద్దు కూడా."

వరదరాజన్ తిరిగి వచ్చి చిన్నదాని మీద చేయి వేశాడు. "ఇదే వేసేయ్. బిల్లు మన దుకాణం పేరున, జీఎస్టీ నంబరు చెప్తాను. పన్ను వెనక్కి వస్తాది" అన్నాడు, మొదట తమిళంలో నిత్యతో, చివరి మాట తెలుగులో భార్యతో.

సుందరి నోరు తెరిచింది. ఏ భాషలో మాట్లాడాలా అని ఒక్క క్షణం తడుముకుంది. తెలుగులోనే మాట్లాడింది, నిత్యకు తెలుస్తుందని తెలిసే.

"ఇంటి వాడకానికి అని చెప్పినారే. ఇంటిదానికి పన్ను వెనక్కి తీసుకోకూడదు. ఆ లెక్క పంపేది నేనుదా, నాకు తెలుసు."

"అంటే?"

"దుకాణం పేరున రాస్తే ఇది దుకాణం పనిముట్టు. అప్పుడు దీని ముందర కూచునేది దుకాణంలో పనిచేసే ఆళు. అట్లయితే ఆ పనికి సరిపోయేది కొనాల. ఇంటిది అంటే ఇంటికే రాయించండి. రేపటి నుంచి దీంట్లో పాటలు వింటాను."

చెవులు కాలిపోతున్నాయి. ఇంతమందిలో మొగుడికి ఎదురు చెప్పిన సిగ్గు, ఇన్నాళ్లు చెప్పని సిగ్గు, రెండూ కలిసి ఏది ఏదో తెలియలేదు.

"పబ్లిక్‌లో ఏమి మాట ఇది" అన్నాడు వరదరాజన్ పళ్ల మధ్య నుంచి. "నోరు మూయి. ఆ పిల్ల చూస్తా ఉండాది."

"ఎట్లా రాసేది అన్నా?" అంది నిత్య, తెలుగులో. "ఇంటికా, దుకాణానికా?"

వరదరాజన్ ఆ అమ్మాయిని చూశాడు. ఇంతసేపు తాను అన్నవన్నీ ఒక్కొక్కటే వెనక్కి వచ్చి ముఖం మీద వాలినట్టున్నాయి. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. ఆ సిగ్గు ఎలా ఉంటుందో సుందరికి బాగా తెలుసు. జాలి కూడా వేసింది. అయినా మాట కలపలేదు.

"దుకాణానికే వేయమ్మా" అన్నాడు చివరికి, బల్ల వైపు చూస్తూ. "ఆ పెద్దది."

తిరిగి వచ్చేదారిలో కొత్త పెట్టె సుందరి ఒళ్లో ఉంది.

ఇల్లు చేరేసరికి దీపాల వేళ. పెట్టె చూసి రాజమ్మాళ్, "కొత్త వస్తువు, పటం ముందర పెట్టి బొట్టు పెట్టు. ఈసారన్నా తడి తగలకుండా" అంది. సుందరి మూత మీద పొడి కుంకుమ పెట్టి దండం పెట్టింది. వరదరాజన్ రబ్బరు బ్యాండు వేసిన బిల్లుల కట్ట తెచ్చి పక్కన పెట్టాడు. "రెండు రోజులవి ఉండాయి. ఇప్పుడు మొదలుపెడితే..." అన్నాడు, మామూలు కంటే మెత్తగా.

"పూజలో పెట్టినాము" అంది సుందరి. "రేపు పొద్దున హారతి దాకా తాకకూడదు."

ఆయన బిల్లుల కట్ట మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఇంటి పద్ధతే అది.

సుందరి వంటింట్లోకి వెళ్లి కత్తిపీట తెచ్చింది. నిన్న సగంలో లేచిపోయింది కదా అని మనసులో అనుకుంటూ దాన్ని తుడిచి ల్యాప్‌టాప్ పక్కన నిలబెట్టింది. కుంకుమ భరిణ కోసం చేయి చాచింది. ఎందుకో చేయి అక్కడే ఆగింది. ఇంట్లో అందరూ ఆకలితో ఉన్నారు. ఇది మొండితనమా, భక్తేనా? దేవుడి పేరు పెట్టి తన పంతం నెగ్గించుకుంటున్నదా? ముఖం మళ్లీ వేడెక్కింది.

అప్పుడు రాజమ్మాళ్ గోడ పట్టుకుని లేచి వచ్చింది. భరిణ తనే తీసుకుంది. ఆ కత్తిపీట ఆమె కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్లు ఇచ్చింది. వంగి, చెక్క మీద, ఎన్నో ఏళ్లుగా ఆడవాళ్ల కాళ్లు ఆనుకుని నున్నబడిన చోట, బొట్టు పెట్టింది.

"నేనూ అడిగినాను మా అత్తను" అంది, కోడలి వైపు చూడకుండా. "నీకు నేను చెప్పిన జవాబే నాకూ చెప్పింది." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "వరదా, బస్ స్టాండు దగ్గర ఇడ్లీ దొరుకుతాది. పోయి తే. చట్నీ వేరేగా కట్టించు."

వరదరాజన్ చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. సుందరి గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో ఖాళీ చేతులు ఏం చేయాలో తెలియక కాసేపు సిగ్గుపడ్డాయి, తర్వాత ఊరుకున్నాయి. అత్త వచ్చి పక్కనే కూర్చుంది. కత్తిపీటకు ఆ ఇల్లు బాకీపడ్డ ఒక్క రాత్రి సెలవు, దీపం వెలుగులో, తీరడం మొదలైంది.