ఆయన పేరు మీద పదకొండు నిమిషాలు

"ఎలాగూ పాలకి వెళ్తున్నావుగా, నా ఫోను కూడా తీసుకుని సైకిలు మీద వెళ్ళు. ఊరికే అలా ఓ పది కిలోమీటర్లు తిప్పుకొచ్చెయ్" అన్నాడు భర్త, మోకాలి కింద దిండు సర్దుకుంటూ.

పాల దుకాణం వీధి చివరే ఉంది. దాన్ని పది కిలోమీటర్లు చేసి రమ్మని ఇంత తేలిగ్గా చెప్పిన మనిషిని చూసి ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొయ్యి మీద కుక్కరుంది, ఎవరు చూస్తారని అడిగింది. "అమ్మ చూస్తుందిలే" అన్నాడు. పదకొండేళ్ళ కాపురంలో అమ్మ కుక్కరు చూస్తుందన్న మాట ఆ నోటి నుంచి రావడం అదే మొదలు. విషయం ఎంత పెద్దదో ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆయన సైకిల్ క్లబ్బులో మెంబరు. పళ్ళ డాక్టరు, లెక్కల మాస్టారు, బ్యాంకు మేనేజరు, ఇలా పాతికమంది దాకా ఉన్నారందులో. రోజుకు పది కిలోమీటర్లకు తగ్గకుండా తొక్కాలని వాళ్ళ నియమం. ఎంత దూరం, ఎంత వేగం, ఏ దారిన వెళ్ళారన్నది ఫోనులో యాప్ రాసుకుంటుంది, అందరివీ అందరికీ కనబడతాయి. ఒక్కరోజు మానేస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఆయనది నాలుగువందల పన్నెండు రోజుల వరస. బాత్రూములో కాలు జారి మోకాలు బెణికింది, మూడు వారాలు సైకిలు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆ వరస తెగిపోతుందని ఆ మనిషి పడ్డ బాధ అంతా ఇంతా కాదు. మూడేళ్ళ కిందట ఆమెకు ఐదోనెలలో కడుపు పోయినప్పుడు, ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే ఆదివారం రైడుకి వెళ్ళివచ్చాడు.

"జేబులో వేసుకో, చాలు" అంటూ ఫోను ఇచ్చాడు. ఆడవాళ్ళ బట్టలకు జేబులు కుట్టాలని ఎవరికి తోచింది గనక. రుమాల్లో చుట్టి నడుముకి బిగించుకుంది.

పదో తరగతి దాకా ఆమె బడికి సైకిలు మీదే వెళ్ళింది. ఆ తర్వాత ఎప్పుడు దిగిందో, ఎందుకు దిగిందో గుర్తులేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ వెళ్ళమననూ లేదు, అంతే. మొదటిరోజు పది కిలోమీటర్లకు గంట పట్టింది. పిక్కలు పట్టేసి, తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో రోజంతా కుంటుతూ తిరిగింది. సాయంత్రం భర్త ఫోను చూసి, "ఇంత నెమ్మదా? క్లబ్బులో నా పరువు తీశావు" అన్నాడు. ఆ మాటకు ఒళ్ళు మండి మర్నాడు కాస్త జోరుగా తొక్కింది. ఆ తర్వాత మంట అక్కర్లేకపోయింది. పదిరోజులు తిరిగేసరికి ఊపిరి కుదిరింది, కాళ్ళు వాటంతట అవే తిరగడం మొదలుపెట్టాయి. ఐదుంబావుకి బయలుదేరితే వీధులన్నీ ఆమెవే. ఆ గంటలో కళ్ళజోడెక్కడ, తువ్వాలెక్కడ, బీపీ బిళ్ళ ఎక్కడ అని ఎవరూ ఆమెను అడగరు. ఆనందం అంటే ఇంత చిన్నదా, దీనికేనా ఇన్నేళ్ళు మొహం వాచింది అనుకుని ఒకరోజు రోడ్డు మీదే గట్టిగా నవ్వింది.

ఊరి చివర గుట్ట ఉంది. దాని మీదకి మూడు మలుపుల రోడ్డు. క్లబ్బులో మొనగాళ్ళను తేల్చేది ఆ గుట్టే. భర్త అందులో పద్నాలుగు నిమిషాల మనిషి, అదీ బాగా తొక్కిన రోజున. ఐదోవారంలో ఒక ఉదయం ఆమె పైకెక్కి, ఆయాసం తీరాక ఫోను విప్పి చూసింది. పదకొండు నిమిషాలు. క్లబ్బులో అంతకు ముందు ఎవరూ చేయలేదు.

ఆమె ఇంటికి చేరిన కాసేపటికే క్లబ్బు కెప్టెన్ ఫోను ల్యాండ్‌లైనుకి వచ్చింది. ఆయన ఫారెస్టులో పనిచేసి రిటైరైన మనిషి, గొంతు ఇల్లంతా వినబడుతుంది. "ఏం తింటున్నావయ్యా బాబూ? ఈ వయసులో ఇదేం తొక్కుడు?" అన్నాడు. భర్త నవ్వాడు. "ఏముంది సార్, పట్టుదల" అన్నాడు. వంటింట్లో ఆమె ఆయన లంచ్ బాక్సు మూత నొక్కుతోంది. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత పెట్టినవాడు ఏ వంటింటి గుమ్మంలోనో నిలబడే పెట్టి ఉంటాడు.

అయినా ఆమెకు అంత కొత్తేమీ కాదు. ల్యాబులో రక్తం తీసేది, పరీక్ష చేసేది, అంకెలు ఎక్కించేది ఆమె. సాయంత్రం ఆరింటికి వచ్చి, చూడకుండా వరసగా సంతకాలు గీకేది డాక్టరు. ఒకసారి ఒక పేషెంటు తండ్రి, "మా అబ్బాయి జబ్బు కనిపెట్టింది మీరేనటగా" అని ఆమెకు దణ్ణం పెట్టబోతే, డాక్టరు, "మా స్టాఫంతా బాగా ట్రెయినింగ్ అయినవాళ్ళండీ" అన్నాడు. ఒకరి పేరు కింద బతకడానికి కూడా ట్రెయినింగ్ ఉంటుంది. అది ఆమెకు బాగానే అయింది.

ఆమెను మెత్తబరిచింది ఇంకోటి. రోజూ ఆమె రాగానే భర్త కాఫీ గ్లాసుతో ఎదురుగా కూర్చుని అడిగేవాడు. గుట్ట ఎలా ఎక్కావు, ఏ గేరు, మొదటి మలుపులో గాలి ఎటునుంచి కొట్టింది. ఆమె చెప్పేది. ఆయన వినేవాడు. పేపరు చూడకుండా, టీవీ వైపు తల తిప్పకుండా, మధ్యలో ‘సరే సరే’ అనకుండా పదిహేను నిమిషాలు వినేవాడు. ఆమె మాట అలా వినడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఒకరోజు మాటల్లో, "మూడో మలుపులో నిలబడి తొక్కకూడదండీ. కూర్చునే, పసిబిడ్డని జోకొట్టినట్టు ఒకే తీరున తొక్కాలి. అప్పుడు తెలీకుండానే ఎక్కేస్తాం" అంది. అన్నాక, తనేం అందో ఆమెకే వినబడింది. భర్త కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. మూడేళ్ళ తర్వాత ఆ బిడ్డ గురించి ఇద్దరూ ఒకే క్షణంలో తలుచుకున్నారనుకుంది ఆమె. ఆరోజంతా ల్యాబులో ఆమె మొహం వెలిగిపోతూనే ఉంది.

మోకాలు నెలలోపే నయమైపోయింది. గ్యాస్ బండ వచ్చినరోజు రెండేసి మెట్లు దూకుతూ దిగివెళ్ళడం ఆమె కళ్ళారా చూసింది. అయినా తెల్లారేసరికి ఫోను యథాప్రకారం ఆమె దిండు పక్కన ఉండేది. "ఇంకో వారం చూద్దాం, తొందరపడకూడదన్నాడు డాక్టరు" అనేవాడు. ఆయన ఎక్కితే మళ్ళీ పద్నాలుగు నిమిషాలే అవుతుంది, క్లబ్బు నవ్వుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనరు. ఆమె కూడా కుక్కిన పేనులా ఊరుకుంది. మంచితనం వల్ల కాదు. అత్తగారు అప్పటికే నాలుగైదుసార్లు, "తెల్లారకముందే ఆడది బండెక్కి ఊరేగడమేమిటో, పోనీలే, వాడి కోసమేగా" అని పక్కింటావిడతో అంది. ఆ చివరి రెండు మాటల మీదే ఆమె ఉదయాలన్నీ నిలబడి ఉన్నాయి. ఆయన కోసం తొక్కితే సేవ, తన కోసం తొక్కితే షికారు. నిజం బయటపడిన రోజు సైకిలు గదిలోకి పోతుంది, తాళంచెవి ఆయన జేబులోకి పోతుంది. పేరు ఆయన తీసుకోనీ, రోడ్డు నాకు మిగలనీ అనుకుంది. ఈ బేరం తనకే నచ్చలేదు, కానీ నోరు మెదిపితే రోడ్డు పోతుందన్న భయం అంతకంటే పెద్దదైంది.

రెండో నెల చివర కెప్టెన్ ఒక ఏర్పాటు చేశాడు. ఆదివారం కొత్తవాళ్ళతో సహా పద్ధెనిమిదిమంది గుట్ట ఎక్కాలి. శనివారం సాయంత్రం, సైకిల్ షాపు వెనక ఉన్న క్లబ్బు గదిలో, గుట్ట ఎక్కడం దిగడం గురించి భర్త పాఠం చెప్పాలి. "మీ ఆవిణ్ణి కూడా తీసుకురావయ్యా, టీ అవీ చూసుకోడానికి ఒక ఆడమనిషి ఉంటే బావుంటుంది. ఆ సైకిలూ పట్రా, అందరూ చూడాలి" అన్నాడు. భర్త సైకిల్ని కారు వెనక కట్టి తెచ్చి, గది తలుపు పక్కన నిలబెట్టాడు. కొత్తవాళ్ళు గేర్లు ముట్టుకుని, గొలుసు చూసి మురిశారు. ఆమె ఫ్లాస్కు, కాగితం కప్పులు పట్టుకుని గోడవార నిలబడింది.

భర్త బాగా మాట్లాడాడు. మొదటి మలుపులో గాలి ఎదురొస్తుంది, తల దించండన్నాడు. రెండో మలుపు దగ్గర నీళ్ళు తాగడానికి ఆశపడొద్దు, కాళ్ళ లయ పోతుందన్నాడు. ఆమె ఒక్కో కప్పూ నింపుతూ వింటోంది. మాటల వరస కూడా మారలేదు. తను కాఫీ దగ్గర చెప్పినవి చెప్పినట్టే ఆయన నోట్లోంచి వస్తున్నాయి. పోనీ, విన్నాడు కాబట్టే కదా చెప్పగలుగుతున్నాడు అని సర్దుకోబోయింది. అప్పుడు ఆయన చెయ్యి గాల్లో ఊపుతూ, "మూడో మలుపులో నిలబడొద్దు. కూర్చుని, పసిబిడ్డని జోకొట్టినట్టు తొక్కండి. తెలీకుండానే ఎక్కేస్తారు" అన్నాడు.

గదిలో అందరూ ఆహా అన్నారు. లెక్కల మాస్టారు చప్పట్లు కొట్టాడు. "కవిత్వం కూడా వస్తోందే మనవాడికి" అన్నాడు కెప్టెన్. భర్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. ఆరోజు కిటికీలోంచి చూస్తూ ఆయన ఏం తలుచుకున్నాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఏమీ తలుచుకోలేదు. బట్టీ పట్టాడు. ఆమె ఫ్లాస్కుని కిటికీ గట్టు మీద పెట్టి, మూత బిగించింది. ఏడుపు రాలేదు. ఆ ఇంట్లో తనకు జరిగిందనుకున్న ఒకే ఒక్క మంచి సంగతి కూడా జరగలేదని తెలిస్తే ఏడుపు వెంటనే రాదు.

ముందు వరసలో పోస్టాఫీసులో పనిచేసే అమ్మాయి ఉంది, క్లబ్బులో చేరి రెండు వారాలైంది. "మరి దిగేటప్పుడు, మూడో మలుపులో ఏ పక్కన రావాలి సార్?" అని అడిగింది.

"ఎడమ అంచు పట్టుకుని వదిలెయ్యి. బ్రేకు కూడా అక్కర్లేదు" అన్నాడు భర్త.

ఆమె తలెత్తింది. మూడు వారాల కిందట ఆ మలుపులో ఎడమ అంచున కాలవ తవ్వి ఇనుప మూతలు వేశారు. మూతల సందులు రోడ్డు వెంబడే నిలువునా ఉన్నాయి, సన్నటి టైరు పడితే అందులోనే దిగబడిపోతుంది. ఆమెకు పడింది కూడా. హ్యాండిల్ మీంచి ఎగిరి మట్టికుప్పలో పడింది కాబట్టి మోచెయ్యి చెక్కుకుపోవడంతో సరిపోయింది. ఆ ఒక్క సంగతే ఆమె కాఫీ దగ్గర చెప్పలేదు. చెబితే ఇక వెళ్ళొద్దంటాడని భయం. చెయ్యి ల్యాబులో తలుపుకి తగిలిందని అబద్ధమాడింది.

రేపు పొద్దున ఈ అమ్మాయి బ్రేకు వదిలేసి ఆ అంచున దిగుతుంది. నోరు విప్పితే తన ఉదయాలు పోతాయి. విప్పకపోతే ఈ పిల్ల మొహం పగులుతుంది. ఆలోచించడానికి అంతకంటే ఏమీ లేదు.

"ఎడమవైపు వద్దమ్మా" అంది.

అందరూ వెనక్కి తిరిగారు. టీ ఇచ్చే మనిషికి గొంతు ఉంటుందని అప్పుడే తెలిసినట్టు చూశారు. భర్త నవ్వాడు. "మా ఆవిడకి భయం ఎక్కువ, మీరు పట్టించుకోకండి" అన్నాడు.

"భయం కాదు. అక్కడ ఎడమ అంచున కాలవ మీద ఇనుప మూతలు వేశారు. సందుల్లో టైరు పడిపోతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించి రోడ్డు మధ్యకి రావాలి" అంది.

కెప్టెన్ భర్త వైపు చూశాడు. "ఎప్పుడు వేశారయ్యా? నువ్వు చెప్పనే లేదే?"

"చిన్నవేలెండి సార్. నేను రోజూ వాటి మీంచే దాటేస్తుంటాను" అన్నాడు భర్త.

ఆయన ఆ మాట అనకుండా ఉంటే ఆమె అక్కడితో ఆగిపోయేదేమో. టీ కప్పులు ఏరుకుని, ఇంటికెళ్ళి, తెల్లారి మళ్ళీ ఆయన ఫోను నడుముకి బిగించుకునేదేమో. పోస్టాఫీసు అమ్మాయి ఆయన మాటకు తలూపి, చేతిలో నోటుపుస్తకంలో రాసుకుంటోంది.

"ఆయన వాటిని చూడనే లేదు" అంది ఆమె. "రెండు నెలలుగా ఆ గుట్ట ఎక్కి దిగుతున్నది నేను."

పళ్ళ డాక్టరు కప్పు నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. కెప్టెన్ ఒకసారి ఆయన్ని, ఒకసారి ఆమెను చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు భర్త మెల్లిగా.

"మాట్లాడుకుందాం" అంది.

"అది సరే, మరి రేపు వీళ్ళకి ముందుండి దారి చూపించాలిగా. ఎవరు వెళ్తారు?" అన్నాడు కెప్టెన్, ఎవరి మొహమూ చూడకుండా.

"నేను వెళ్తాను."

భర్త గొంతు పెంచలేదు. నలుగురిలో ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. బల్ల మీదున్న కారు తాళంచెవులు తీసి జేబులో వేసుకుంటూ, చిన్నపిల్లతో మాట్లాడినట్టు ముద్దుగా అడిగాడు.

"ఏ సైకిలు మీద?"

ఇన్నాళ్ళూ ఆమె భయపడిందంతా ఆ మూడు మాటల్లోనే ఉంది. తీరా అవి బయటికి వచ్చి ఎదురుగా నిలబడ్డాక, అంత పెద్దవిగా అనిపించలేదు. ఆమె తలుపు వైపు చెయ్యి చాపింది.

"ఆ సైకిలు మీదే. సీటు చూడండి, నా ఎత్తుకే ఉంది."

అందరూ తిరిగి చూశారు. ఆరడుగుల భర్త కూడా అందరితోపాటు తల తిప్పి చూశాడు.