హిల్డా చేతిరాత

ఇంగ్లండులో మా ఊరు బ్లాక్‌బర్న్‌లో నార్మన్ థ్రెల్‌ఫాల్ చేసిన గిటార్ ఆంప్లిఫైయర్ల మోత దేశమంతా మోగింది. వాటి ముందు పలకమీద వాలుగా మెరిసే ‘థ్రెల్‌ఫాల్’ అన్న పేరు మాత్రం అతని భార్య హిల్డా చేతిరాత. మొదటి పెట్టె తయారైన రోజు వంటింటి బల్లమీద ఆవిడే కుంచె పట్టి రాసింది.

ట్రాన్సిస్టర్లు వచ్చి, గాజు వాల్వులతో పనిచేసే ఆ పాత పెట్టెలకు గిరాకీ పడిపోయాక, నార్మన్ కంపెనీని లండన్ వాళ్లకు అమ్మేశాడు. హిల్డా టీకొట్టు తెరిచి, బోర్డు మీద ‘థ్రెల్‌ఫాల్’ అని అదే వాలు రాతలో తనే రాసుకుంది. వారం తిరక్కుండా లండన్ వకీలు దిగాడు.

“పేరు ఉంచుకోండమ్మా. ఈ రాత మాత్రం చెరిపేయాలి. ఇది మా కంపెనీది.”

“చెయ్యి నాదే కదా నాయనా?”

“చెయ్యి మీదే. రాత మాది. మీ ఆయన సంతకం పెట్టారు.”

హిల్డా మూల బల్ల దగ్గరున్న మొగుడివైపు తిరిగింది. “చేతిరాత అమ్మావు సరే, నా తలరాతకెంత పలికిందయ్యా?”

“కాగితాల్లో అదీ ఉందని చూసుకోలేదు,” అని గొణిగాడు, ఊరందరి గొంతూ పెంచిన మనిషి.

ఆవిడ బోర్డు తుడిచి ఎడమచేత్తో మళ్లీ రాసింది. అక్షరాలు తాగినవాళ్లలా తూలాయి.

“ఇదీ బాగానే ఉంది హిల్డా,” అన్నాడు నార్మన్.

“దీన్ని అమ్మేటప్పుడైనా ఒక మాట చెప్పు,” అంది ఆవిడ.