గుడ్డ కత్తెర కాగితం కోసిన డిసెంబరు

నేను ఒక కత్తెరను. పదకొండంగుళాల పొడుగు, ఇత్తడి పిడి, నల్లటి ఉక్కు అలుగులు. నన్ను నమ్మమని మిమ్మల్ని అడగను. నేనూ మనుషుల్ని చూడగానే నమ్మే రకాన్ని కాను. నా పుట్టుకే అలాంటిది. ఉత్తరాదిన ఒక ఇరుకు సందులో పాత లారీ స్ప్రింగుల ఉక్కును కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. రెండు అలుగుల్నీ విడివిడిగా సాన పట్టి, ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యన ఒక మర బిగించారు. అప్పట్నుంచి ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉండటమే వాటి పని. పోనీలే అని ఒకటి కాస్త ఎడంగా జరిగిందా, గుడ్డ తెగదు.

చీరాలలో నన్ను మొదట చేతబట్టినవాడు బాజీ మేస్త్రి. అనుమానంలో ఆయన నాకు గురువు. కొలతలు తీసేటప్పుడు మనుషులు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారనీ, చొక్కా కుట్టాక బిగుతైందని పోట్లాటకు వస్తారనీ ఆయనకు తెలుసు. అందుకని టేపు నడుముకు చుట్టి ఏదో ఒక నవ్వులాట మాట చెప్పేవాడు. మనిషి నవ్వగానే పొట్ట తన అసలు చోటుకు వచ్చేది. అప్పుడు అంకె రాసుకునేవాడు. ఆయన నాకు పెట్టిన నియమం ఒక్కటే: గుడ్డ కోసే కత్తెర కాగితం ముట్టకూడదు. "కాగితం మెత్తనిదనుకుంటారు గానీ దాని నిండా మట్టే. నాలుగు కాగితాలు కోస్తే నలభై గుడ్డల అరుగుదల" అనేవాడు. కళ్ళకు మసకలు కమ్మాక నన్ను తన శిష్యురాలు హెప్సీబమ్మ చేతిలో పెట్టాడు, నియమంతో సహా.

హెప్సీబమ్మ ఆ నియమాన్ని ఆయనకంటే గట్టిగా పట్టుకుంది. భర్త పోయిన ఏడాదే ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని, నాతోనే కొడుకు రూబేనును చదివించి రైల్వేలో ఉద్యోగస్తుణ్ణి చేసింది. నేను వేలాడే మేకు ఆమె కుర్చీకి ఎదురుగా, చూపు తప్పించుకోలేని చోట ఉండేది. కాగితం మీద కొలతలు గీసి కోయడానికి వేరే చిన్న కత్తెర ఉంది. దాని మర వదులు, పనీ వదులే. హెప్సీబమ్మ కాకుండా ఆ గదిలో కూర్చునేది సువార్తమ్మ ఒక్కతే. హుక్కులు, కాజాలు, చేత్తో వేసే అంచుకుట్టు ఆమె పని. పన్నెండేళ్ళుగా ఇద్దరూ రోజూ తగవు పడుతూనే కుట్టారు. పన్నెండేళ్ళలో సువార్తమ్మ నన్ను ఒక్కసారి కూడా అడగకుండా తీయలేదు. నేను ఏ కాస్తయినా నమ్మిన మనిషి ఆమే.

నవంబరులో రూబేనుకు పెళ్ళయింది. కోడలి పేరు బ్యూలా. బాపట్ల పిల్ల, డిగ్రీ చదివింది. ఆమెను చూసిన మొదటి రోజే నాకు అనుమానం కలిగింది. అస్తమానం సంతోషంగా ఉండే మనిషిని ఎలా నమ్మడం? కుక్కరు కూత వేస్తే నవ్వేది. వీధిలో పూల బండి వస్తే ఏదో నిధి దొరికినట్టు పరుగెత్తేది. దారపు ఉండల్ని రంగుల వరసలో సర్ది, దూరంగా నిలబడి మురిసిపోయేది. మొగుడు డ్యూటీకి వెళ్తుంటే గుమ్మం దాకా ఒకసారి, గేటు దాకా ఒకసారి, ఏదో మరిచిపోయావంటూ మూల మలుపు దాకా ఒకసారి సాగనంపేది. అతను ఏదీ మరిచిపోయేవాడు కాదు.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ గౌన్లతో గది నిండిపోయింది. తెల్ల శాటిన్లు, లేసులు, తెల్లవారక ముందే తలుపు కొట్టే తల్లులు. రోజూ మధ్యాహ్నం హెప్సీబమ్మ లైనింగులకూ లేసులకూ బజారుకు వెళ్ళేది. అదే వేళకు సువార్తమ్మ అన్నానికి ఇంటికి పోయేది. ఆ గంటలో వెనక వరండాలోకి వీధి పిల్లలు చప్పుడు చేయకుండా చేరడం మొదలైంది. ఏడుగురు. చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్ళు. ఇది మంచి పనికి వచ్చే పద్ధతి కాదని నాకు తెలుసు.

నాలుగో రోజున బ్యూలా నా మేకు దగ్గరికి వచ్చి అటూ ఇటూ చూసింది.

"ఒక్కసారే. మళ్ళీ ఇక్కడే పెట్టేస్తా" అంది నాతో.

ఒక్కసారే అన్న మాట ఎక్కడ విన్నా నా మర బిగుసుకుంటుంది.

వరండాలో ఉడకబెట్టిన మైదా జిగురు గిన్నె, చీల్చిన వెదురు బద్దలు, రంగు కాగితాలు, బంగారు మెరుపు కాగితాల దొంతర. సంగతి అప్పుడు బోధపడింది. పండగ ముందురోజు కొట్టు ముందు వేలాడదీయడానికి పెద్ద స్టారు, దాని చుట్టూ చిన్న స్టార్లు. అత్తగారికి చెప్పకుండా చేసి ఆశ్చర్యపరచాలని. చిన్న కత్తెర దళసరి కాగితాన్ని నములుతోంది తప్ప కోయడం లేదు. అందుకని నేను.

"బ్యూలా ఆంటీ, అది హెప్సీబమ్మ మామ్మ కత్తెర గదా! ముట్టుకుంటే చంపుద్ది" అంది మహిమ. సువార్తమ్మ మనవరాలు, ఏడేళ్ళుంటాయి.

"మామ్మకు చెప్పకుంటే ఏం గాదులే. కత్తెరకేమన్నా నోరుందా?"

ఉంది. కానీ వాళ్ళకు వినపడేది కాదు.

చతురస్రంగా ఉన్న కాగితాన్ని సగానికి మడిచి, ఏటవాలుగా ఒకసారి, మళ్ళీ ఏటవాలుగా మడిచి బ్యూలా నా నోటికి అందించింది. మట్టి రుచి. మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం. కసుక్కుమని ఒక్క కోత. తర్వాత ఏడు తలలు దగ్గరికి చేరాయి. ఆమె మడత విప్పింది, ఇంకో మడత, ఇంకోటి, చివరికి అయిదు కోణాల నక్షత్రం ఆమె అరచేతిలో పరుచుకుంది. పిల్లలు "హో!" అన్నారు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నలభై ఏళ్ళు గుడ్డ కోశాను. సుద్దగీత ఎక్కడుంటే అక్కడే నడక. ఏం రాబోతోందో కోయక ముందే తెలిసేది. కోసింది విప్పేదాకా ఏమైందో తెలియకపోవడం నాకదే మొదలు. రెండో కాగితం వస్తుందేమోనని ఎదురుచూశాను. వెంటనే నా మీద నాకే అనుమానం వేసింది.

ఆ ఒక్కసారి తొమ్మిది మధ్యాహ్నాలైంది.

పదో రోజు ఉదయం హెప్సీబమ్మ డాక్టరుగారి అమ్మాయి గౌనుకు తెల్ల శాటిన్ పరిచింది. సుద్దతో గీసి నన్ను అందుకుంది. మూడంగుళాలు నడిచానో లేదో, గుడ్డను కోయాల్సిన చోట నమిలాను. పోగు ఒకటి లాగుకుని జానెడు మేర ముడత పడింది. ఆమె ఆగి నన్ను వెలుతురుకు ఎత్తి పట్టింది. అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆడించింది. తర్వాత మర దగ్గర సూదిమొనతో గీరింది. గోరంత బంగారు మెరుపు కాగితం ఊడి ఆమె ఒళ్ళో పడింది.

"సువార్తా, ఇదేంది?"

కాజా కుడుతున్న సువార్తమ్మ తల ఎత్తింది. ఆ తునకను చూడగానే ఆమె ముఖం మారింది. హెప్సీబమ్మ ఆ మార్పును కొలత తీసినంత కచ్చితంగా చూసింది.

"నిన్న మీ ఇంటి కాడ చూసినా. మీ మనవరాలు గుమ్మానికి బంగారు స్టార్లు కట్టుంచింది. ఇదే కాగితం. ఎవురు కోసిచ్చినారు?"

"నేను నీ కత్తెర ముట్టుకోలేదక్కా."

"మరెవురు ముట్టుకున్నారు? ఈ గదిలో ఉండేది నువ్వూ నేనూ గదా!"

సరిగ్గా అప్పుడే బ్యూలా టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. సువార్తమ్మ ఒక్క క్షణం ఆమె వంక చూసి చూపు తిప్పుకుంది. నాకు అర్థమైంది: ముసలామెకు అంతా తెలుసు. మనవరాలు చెప్పకుండా ఉంటుందా!

"నేను ముట్టుకోలేదక్కా" అంది మళ్ళీ.

"పన్నెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నందుకు బాగా చేసినావు. రేపట్నించి రామాక."

బ్యూలా మాట్లాడుతుందని చూశాను. ఆమె పెదవులు కదిలాయి. కానీ పెళ్ళై నెలైనా కాని అత్తారింట్లో ఆ మాట ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు. గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. సువార్తమ్మ తన సూదులపెట్టె కొంగులో కట్టుకుని, టీ తాగకుండానే మెట్లు దిగింది.

ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలియదు, నేను ముందు గదిలో మేకు మీద ఉన్నాను. రూబేను గొంతు మాత్రం వినిపించింది: "పండగైపోనీ, నేనే మెల్లిగా చెప్తాలే మా అమ్మకి." మంచివాళ్ళు పిరికిపని చేసేటప్పుడు ఇలాగే పండగ దాకా ఆగుతారు.

మర్నాడు మధ్యాహ్నం హెప్సీబమ్మ బజారుకు వెళ్ళలేదు. కాజాలు కూడా తనే కుట్టుకుంటోంది. వెనక తలుపు దగ్గర పిల్లల గుసగుసలు.

"మహిమ ఏది?" బ్యూలా గొంతు.

"రాదంట ఆంటీ. వాళ్ళ మామ్మ వద్దందంట. వస్తే దొంగ మనవరాలంటారంట."

బ్యూలా ముందు గదిలోకి వచ్చింది. చేతిలో మడిచిన బంగారు కాగితం. గౌన్ల కోసం వచ్చిన ఇద్దరు తల్లులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ళను చూడనట్టే నడిచి, అత్తగారి కళ్ళ ముందే నన్ను మేకు నుంచి తీసి, ఆ కాగితాన్ని కోసింది. విప్పి మిషను మీద పెట్టింది. నక్షత్రం ఒక కోణం వంకరగా వచ్చింది. ఆమె చెయ్యి అంతగా వణికింది.

"ఇట్లా కోశానత్తయ్యా. ఈ కత్తెరతోనే, తొమ్మిది రోజులు. సువార్తమ్మత్త ముట్టుకోలేదు. నిన్నే చెప్పాల్సింది. భయమేసింది."

బెంచీ మీది తల్లులు టీవీలో సీరియల్ ముగింపు చూస్తున్నట్టు ముందుకు వంగారు. హెప్సీబమ్మ నక్షత్రాన్ని చూసింది, కోడల్ని చూసింది. ఏమంటుందోనని నేనూ బిగుసుకున్నాను.

"కత్తెర పట్టుకునే తీరదేనా? బొటనేలు అంత లోపలికి పెడితే చెయ్యి వణక్క ఏం జేస్తది" అంది. నన్ను లాక్కుని, చెప్పులేసుకుని వీధిలోకి దిగింది.

ఒక ఆడమనిషి చేతిలో పదకొండంగుళాల కత్తెరతో విసవిసా నడుస్తుంటే వీధి ఎలా చూస్తుందో ఆ రోజు తెలిసింది. కూరగాయల బండివాడు బండిని పక్కకు తీశాడు. వెనక బ్యూలా, బ్యూలా వెనక పిల్లలు. సువార్తమ్మ ఇల్లు నాలుగిళ్ళ అవతల. ఆమె అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"కత్తెరతో వచ్చినావేందక్కా, పీక కోస్తావా?" అంది, చేట దించకుండానే.

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏమయ్యేది? పండగ పూట కొత్తకోడల్ని ఏడిపించేదానివి. ఆ పిల్లకు నీ నోరు కొత్త. నాకు పన్నెండేళ్ళ అలవాటు."

"మరి నిన్ను నేనన్న మాట?"

"అది మాత్రం తగిలిందక్కా" అంది సువార్తమ్మ. చేట పక్కన పెట్టింది. "తిట్టినావు, సరే. దొంగని చూసినట్టు చూసినావు. రేపు పనిలోకి రమ్మంటే వస్తా, కూడు గావాల గదా. కానీ పక్కన కూర్చుని నీతో మాట్లాడను."

హెప్సీబమ్మకు పోట్లాట వచ్చు. పోట్లాటకు బదులు ఏం చేయాలో రాదు. పన్నెండేళ్ళ ఆ మాటలాటే పోయేలా ఉందని ఆమె చేతి చెమటలో నాకు తెలిసింది. క్షమించమనే మాట ఆ నోటికి ఎప్పుడూ అలవాటు లేదు. గుమ్మంలోంచి మహిమ తొంగి చూస్తోంది, చేతిలో మడిచి కోయకుండా ఉంచుకున్న కాగితం. హెప్సీబమ్మ అరుగు మీద చతికిలబడి చెయ్యి చాపింది.

"ఇట్లా తే."

"నీ కత్తెర పాడవుద్ది మామ్మా."

"కానీ, పాడైతే."

సువార్తమ్మ ఉలిక్కిపడింది. బాజీ మేస్త్రి నియమాన్ని ఎన్ని వందలసార్లు విని ఉంటుందో ఆమె! "అక్కా, వద్దులే" అంది. అప్పటికే నేను కాగితంలో ఉన్నాను. ఊరి మొత్తంలో అంత తిన్నని కోత మరొకరికి రాదు. సర్రున, ఆగకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు. కాకపోతే కోసింది మూసిన మడత వైపు. విప్పబోతే కాగితం అయిదు ముక్కలై ఆమె ఒళ్ళో రాలింది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. బ్యూలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సువార్తమ్మ కాసేపు ఓర్చుకుంది; తర్వాత ఆమె వల్ల కాలేదు.

"డాక్టరుగారి గౌనూ ఇట్లానే కోసినావా ఏంది! ఇటు జరుగు. ఆ వైపు గాదు, మడతలు ఇప్పుకునే వైపు. ఎన్నేళ్ళొచ్చినా నేర్పాల్సిందే" అంది. అలా అంటూనే పక్కన కూర్చుంది.

తెల్ల శాటిన్ గౌనుకు ముడత పడిన చోట సువార్తమ్మ లేసుతో పువ్వు కుట్టింది. అది కొత్త ఫ్యాషననుకుని ఇంకో ముగ్గురు అలాంటివే కుట్టమన్నారు. మనుషుల్ని అనుమానించడానికి కారణాలు వాళ్ళే ఇస్తుంటారు.

కొట్టులోకి కొత్త కత్తెర వచ్చింది. నా అంచును సాన పట్టి మళ్ళీ గుడ్డకు తెచ్చుకోవచ్చు. హెప్సీబమ్మ ఆ పని చేయించలేదు. శిక్షో, బహుమానమో ఆమె చెప్పలేదు. నేను ఇప్పుడు వెనక వరండాలో రంగు కాగితాల పెట్టెలో ఉంటున్నాను. నా అలుగుల మధ్య జిగురు ఎండిపోయి ఉంటుంది, పిడి మీద మెరుపు అంటుకుని ఉంటుంది. బాజీ మేస్త్రి చూస్తే గుర్తు పట్టడు.

ఈ మధ్యాహ్నం వీధికి కొత్తగా వచ్చిన ఒక పిల్ల నన్ను అందుకుంది. చేతులు కడుక్కున్నట్టు లేదు. నా వంక ఎందుకు అలా నవ్వుతోందో, ఏం కోయబోతోందో చెప్పడం లేదు. కాగితాన్ని మాత్రం నాలుగు మడతలు వేసింది.